రెండో దారి లేదన్నాను

డెట్రాయిట్ దగ్గర ట్రాయ్‌లో మా తెలుగు పెద్దల గురువారం సభలో, పాతికమంది వింటూండగా, ఎనభై ఎనిమిదేళ్ళ ఒకావిడతో "మీ అమ్మగారు అలా పోయి ఉండరండీ" అన్నాను. ఆవిడ చెప్పింది నిజం. నేనన్నది తప్పు. తెలియక అన్నానులే అని సర్దిచెప్పుకుందామన్నా వీల్లేదు. తెలుసుకోడానికి కావలసిన పుస్తకం ఇరవై ఏళ్ళుగా నా బీరువాలోనే ఉంది.

నేను చదువుకున్నవాణ్ణి కాను. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి తెనాలిలో లేత్ షాపులో చేరాను. మా ఆవిడ నర్సు. ఈ దేశానికి నర్సులు కావలసొచ్చిన రోజుల్లో ఆవిడకి వీసా వచ్చింది, ఆవిడ వెనకాల నాకూ వచ్చింది. డెట్రాయిట్ పక్కన మిషన్లకి అచ్చులూ పనిముట్లూ చేసే ఒక టూల్ అండ్ డై షాపులో ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు నిలబడ్డాను. మా చుట్టూ ఉన్న తెలుగువాళ్ళంతా డాక్టర్లు, ఇంజనీర్లు. పార్టీల్లో "మీదే కాలేజీ అండీ?" అని అడుగుతారేమోనని ప్లేటు పట్టుకుని పిల్లలాడుకునే బేస్‌మెంట్‌లోకి దిగిపోయేవాణ్ణి.

షాపులో నా పనేమిటో కొంచెం చెప్పాలి. చేతిలో ఒక గేజ్ ఉంటుంది. దాని ఒక కొన రంధ్రంలో పట్టాలి, రెండో కొన పట్టకూడదు. పట్టకూడని కొన పట్టిందా, ఆ ముక్క స్క్రాపు డబ్బాలోకి. దాన్ని చేసినవాడు ఎన్ని గంటలు నిలబడ్డాడు, వాడికి ఆ రోజు ఒంట్లో బావుందా లేదా అన్నది గేజ్ అడగదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. షాపులో నాకు మంచి పేరు. నా చేతిమీదుగా వెళ్ళిన ముక్క ఎప్పుడూ తిరిగి రాలేదు.

లంచ్ బల్ల దగ్గర రెండో ప్రపంచయుద్ధం చేసొచ్చిన ముసలి మెకానిస్టులు కూచునేవాళ్ళు. ఒకాయన ఇటలీలో, ఒకాయన పసిఫిక్‌లో. నేను చేరిన కొత్తలో వాళ్ళలో ఒకాయన శాండ్‌విచ్ నములుతూ, "మీవాళ్ళు ఆ గొడవలో లేరుగా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇటలీలో ఆయన పక్క కొండ ఎక్కింది మనవాళ్ళే. ఎడారిలో మనవాళ్ళే, బర్మాలో మనవాళ్ళే. లక్షలమంది. అయితే ఇదంతా చెప్పడానికి ఆ రోజు నా దగ్గర ఇంగ్లీషూ లేదు, వివరాలూ లేవు. యుద్ధం ముగిసిన మరుసటేడు పుట్టినవాణ్ణి.

ఆ సాయంత్రమే లైబ్రరీకి పోయాను. పక్కన డిక్షనరీ, చేతిలో పెన్సిల్. తర్వాత యాభై ఏళ్ళూ ఆ పెన్సిల్ దించలేదనుకోండి. నా ఇంగ్లీషంతా యుద్ధం పుస్తకాల్లోదే. అందుకే ఇప్పటికీ కూరగాయల షాపులో కూడా నేను మాట్లాడితే ఏదో ఆర్డరు జారీ చేసినట్టు ఉంటుందని మా ఆవిడ వెక్కిరిస్తుంది. చదివినకొద్దీ కోపం ఎక్కువైంది. పెర్ల్ హార్బర్ మీద బాంబు పడ్డాకే యుద్ధం మొదలైందనుకునే దేశం ఇది. మనవాళ్ళ ప్రస్తావన ఎక్కడో పేజీ అడుగున చిన్నక్షరాల్లో. పుస్తకాల్లో మమ్మల్ని వదిలేశారు, మమ్మల్ని వదిలేశారు అని నేను అనని రోజు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా సిగ్గంతా దీనిలోనే ఉంది.

రిటైరయ్యాక మా ఆవిడకీ నాకూ ఈ గురువారం సభ దొరికింది. లైబ్రరీలో ఒక గది ఇస్తారు. ఒకరు ఫ్లాస్కులో టీ, ఒకరు చేగోడీలు. షుగరు, మోకాళ్ళు, మనవల కాలేజీలు అయ్యాక ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడాలి. ఒకసారి మనిషి దొరక్క నన్ను నిలబెట్టారు. స్టాలిన్‌గ్రాడ్ గురించి మాట్లాడాను. గుండె డాక్టరుగా చేసి రిటైరైన ఒకాయన, మా సభకి పెద్దదిక్కు, లేచి "మాస్టారూ, ఇంతకాలం ఎక్కడ దాచారండీ ఇదంతా?" అన్నాడు. మాస్టారు! ఆ పిలుపు అలా అతుక్కుపోయింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను, అబద్ధమెందుకు.

అప్పట్నించి నాకో పద్ధతి. పెద్ద ప్రపంచపటం ఒకటి లామినేట్ చేయించాను. నెలకో గురువారం, యుద్ధంలో ఒక నెల. ఆ నెలలో రష్యాలో ఏమైంది, ఆఫ్రికాలో ఏమైంది, పసిఫిక్‌లో ఎవరు ఏ దీవి పోగొట్టుకున్నారు, లండన్‌లో, వాషింగ్టన్‌లో, మన ఢిల్లీలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారు. ఎర్ర పిన్నులు, నీలం పిన్నులు. అన్నీ ఒకేసారి కదులుతాయి. ఒక చోట జరిగిందానికి ఇంకోచోట ఎలా లెక్క తేలుతుందో చూపిస్తే డాక్టర్లు కూడా నోరు తెరుచుకుని చూసేవాళ్ళు.

ఆ గురువారం బర్మా. పంతొమ్మిదివందల నలభై రెండు, ఎండాకాలం. రంగూన్ పోయింది, మండలే పోతోంది, నూనె బావులు కాల్చేసి సైన్యం వెనక్కి నడుస్తోంది. అదే రోజుల్లో లండన్ నించి మంత్రి ఢిల్లీకొచ్చి మన నాయకులతో బేరాలాడి ఉత్త చేతుల్తో పోయాడు. అదే రోజుల్లో మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు. నలభై నిమిషాలు చెప్పాను. ఏ డివిజన్ ఏ వంతెన దగ్గర, ఏ తేదీ. అయిపోయాక "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నాను, ఉండవనే నమ్మకంతో.

వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. శ్రీకాకుళం వైపు ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ కూతురి దగ్గర ఉంటోంది. కూతురు పళ్ళ డాక్టరు, తనకీ అరవై దాటాయి. ప్రతి గురువారం తల్లిని తీసుకొచ్చి పక్కనే కూచుంటుంది. ఆవిడ అంతవరకూ సభలో నోరు విప్పింది లేదు.

"మాస్టారండీ, నాను ఆ దారంట నడిచినాన్నండి" అంది.

కూతురు ఆశ్చర్యంగా తల్లి వైపు చూసి, గబగబా ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టింది. తనకీ ఎప్పుడూ చెప్పలేదని తర్వాత తెలిసింది.

"మా అయ్య రంగూన్ రేవులో కళాసీ. నాకప్పుడు అయిదేళ్ళు. బాంబులు పడ్డాక ఓడ టిక్కెట్లు మాలాంటోళ్లకి ఇవ్వనన్నారు. నడిచేం. మధ్యలో మా అయ్య తప్పిపోయేడు. అమ్మా, నానూ. మండలే దాటి, ఏరు దాటి, కొండల్లోకి వచ్చేం. ఒక కాడ దారి రెండుగా చీలింది. ఒక దారి కాడ సోల్జర్లు నిలబడ్డారు. దొరలు, దొరల్లాంటోళ్ళు అటు. మేం ఇటు. అటు నీళ్ళున్నాయట, గంజి పోస్తారట. మా అమ్మ నన్ను చూపించి, పిల్లకి జొరం బాబూ, అటు పోనీండి అని దండం పెట్టింది. కర్రతో ఇటు తోసేసినారు. ఆ ఇటు దారిలో మూడో రోజో, నాలుగో రోజో…"

మంచినీళ్ళ కోసం ఆగింది. కూతురు సీసా మూత తీస్తోంది. నేను ఆ సందులో దూరాను.

ఎందుకు దూరానో నిజం చెప్తాను. నా నలభై నిమిషాలకీ ఎవరూ అలా కుర్చీ అంచుకి జరిగి కూచోలేదు. గుండె డాక్టరు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. నా పిన్నుల వైపు ఒక్కడూ చూట్టంలేదు. పైగా ఆ రెండు దార్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. గేజ్ పట్టలేదు.

"అమ్మా, ఒక్క నిమిషం" అని లేజర్ లైటు పటం మీద వేశాను. "ఇదిగో మండలే. ఇదిగో చింద్విన్ నది. ఇక్కణ్ణించి మణిపూరు. సైన్యం నడిచింది ఇదే, జనం నడిచిందీ ఇదే. దారి ఒకటే. రెండో దారి లేదు. అక్కడ నిలబెట్టి మనుషుల్ని వేరుచేసేంత తీరిక ఆ నెలలో బ్రిటిష్‌వాళ్ళకి ఎక్కడిదండీ, వాళ్ళ ప్రాణాలకే దిక్కులేదు."

"ఉన్నాది బాబూ. నాను సూసేను" అంది.

"అయిదేళ్ళ పిల్లకి చూసిందీ విన్నదీ కలిసిపోతాయమ్మా. మీ అమ్మగారు అలా పోయి ఉండరండీ. కలరాతో పోయి ఉంటారు, చాలామంది అలాగే పోయారు." అక్కడితో ఆగినా బాగుండేది. గదిలో ఇబ్బంది కనిపించి, దాన్ని తేలిక చేద్దామని, "జ్ఞాపకాలకి వీసా ఏం కావాలండీ, ఎక్కడికైనా వెళ్ళొచ్చేస్తాయి" అన్నాను.

నవ్వారు. అందరూ అని చెప్పను, తగినంతమంది నవ్వారు. గుండె డాక్టరు, "మాస్టారు రష్యావాళ్ళకంటే గట్టిగా నిలబడ్డార్రోయ్" అన్నాడు.

ఆవిడ నీళ్ళు తాగలేదు. సీసా కూతురికిచ్చేసి శాలువా సర్దుకుంది. "మీరు సదువుకున్నోరు బాబూ. మీకే తెలుస్తాది" అంది.

ఎస్సెల్సీ తప్పినవాణ్ణి. ఆ మాట ఎవరైనా అంటే వినాలని అరవై ఏళ్ళు ఎదురుచూశాను. విన్నాను. లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది, ఓ అరనిమిషం. కూతురు ఫోన్ ఆపేసి బ్యాగులో పెట్టుకుంది.

కార్‌లో రెండు సిగ్నళ్ళు దాటాక మా ఆవిడ, "గెలిచారుగా. సంతోషమేనా?" అంది.

"తప్పుని తప్పనకపోతే ఎలా?"

"నలభై ఏళ్ళు వార్డుల్లో చేశాను. ఎవరైనా ఇక్కడ నొప్పమ్మా అంటే, చార్టు చూసి అక్కడ నొప్పి ఉండదండీ అని ఏనాడూ అనలేదు."

"చరిత్రకీ ఆస్పత్రికీ తేడా ఉంది."

"ఉంటుంది లెండి. రోడ్డు చూసి డ్రైవ్ చెయ్యండి."

తర్వాతి గురువారం ఆవిడ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మూడో వారం కూతురికి ఫోన్ చేశాను, ఒంట్లో బాలేదేమోనని. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

"బాగానే ఉంది అంకుల్. అమ్మ ఇంక రాదు" అంది.

"అయ్యో, నేనేదో మాటవరసకి…"

"అంకుల్, అరవై ఏళ్ళుగా మా అమ్మమ్మ ఎలా పోయిందంటే, దారిలో పోయింది అనే ఒక్క ముక్కే చెప్పేది అమ్మ. ఆరోజు మొదటిసారి నోరు తెరిచింది. ఇప్పుడు నేనడిగితే, 'నాకు సరిగ్గా గుర్తులేదే, మాస్టారు చెప్పేరుగా' అంటోంది. నా ఫోన్‌లో రికార్డింగ్ మూడో రోజో నాలుగో రోజో అన్న దగ్గర ఉండిపోయింది. తర్వాత మీ గొంతే ఉంది." కోపంగా అన్లేదు. అలసిపోయినట్టు అంది. "అమ్మకి ఎనభై ఎనిమిది, అంకుల్."

ఫోన్ పెట్టేసి నేనేం చేశానో వింటే మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి. నేను చెప్పిందే రైటని ఆధారం చూపిద్దామని బీరువా తెరిచాను. పేజీ కాపీ తీసి పంపితే ఆవిడే ఒప్పుకుంటుంది, మనసు కుదుటపడుతుంది, మళ్ళీ వస్తుంది, అనుకున్నాను. బర్మా గురించి నా దగ్గర పదకొండు పుస్తకాలున్నాయి. వాటిలో లావుపాటిది, ఏదో లైబ్రరీ వదిలించుకుంటుంటే తెచ్చుకున్నది, తీశాను. నా పుస్తకాల్లో ప్రతి పేజీకీ పెన్సిల్ గీతలుంటాయి. దీనిలోనూ ఉన్నాయి. వంతెన దగ్గర గీతలు, నూనె బావుల దగ్గర గీతలు, పక్కన నా ముత్యాల్లాంటి అక్షరాలు. అలా తిప్పుతూంటే ఒకచోట గీతలు ఆగిపోయాయి. ఇరవై పేజీలు తెల్లగా ఉన్నాయి. ఇరవై ఒకటో పేజీలో సైన్యం మళ్ళీ కనబడగానే నా పెన్సిలూ మళ్ళీ మొదలైంది.

ఆ ఇరవై పేజీలూ కాందిశీకుల గురించి. జనం గురించి. వాళ్ళకి డివిజన్ నంబర్లుండవు కదా, పటం మీద పిన్ను గుచ్చడానికి పనికిరారు కదా, అందుకని దాటేశాను. ఒక్క ఈ పుస్తకంలోనే కాదు. మిగతా పదీ తీసి చూశాను. కాందిశీకుల అధ్యాయం ఉన్న ప్రతి పుస్తకంలోనూ అక్కడ పేజీలు తెల్లగానే ఉన్నాయి.

కూచుని చదివాను. రెండు దార్లున్నాయి. ఒకదాని మీద శిబిరాలు, నీళ్ళు, తిండి. రెండోదాని మీద దాదాపు ఏమీ లేదు. ఎవరిని ఏ దారికి పంపారో, జనం ఆ దార్లకి ఏం పేర్లు పెట్టుకున్నారో కూడా ఉంది. నల్ల దారి, తెల్ల దారి. ఢిల్లీలో మన నాయకులు దాని మీద గొడవ చేశారని కూడా ఉంది. నేను నెలనెలా ఢిల్లీ రాజకీయాలు చెప్పిన మొనగాణ్ణి, ఆ గొడవ దేని గురించో నాకు తెలియలేదు.

పుస్తకాల్లో మమ్మల్ని వదిలేశారని యాభై ఏళ్ళు ఊరంతా తిట్టుకుంటూ తిరిగాను. వదిలెయ్యని చోట వదిలేసింది నేను. ఆ వదిలేసినవాళ్ళలోంచి ఒకావిడ లేచి నిలబడి, నేనున్నానయ్యా అంటే, పుస్తకంలో లేవు కూచోమన్నాను.

వెంటనే ఉత్తరం రాశాను, తెలుగులో. మీరు చెప్పిన రెండు దారుల విషయమై ఫలానా పుస్తకం, ఫలానా పేజీలో స్పష్టమైన ఆధారం లభించింది, మీ కథనం సరైనదేనని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పేజీల కాపీలు జత చేసి పోస్టు చేసేశాక, ఉంచుకున్న నకలు మా ఆవిడకి చూపించాను.

చదివి బల్ల మీద పెట్టింది. "ఇది క్షమాపణా? ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్టా?"

మళ్ళీ చదువుకున్నాను. నిజంగా స్టాంపు వెయ్యడం ఒక్కటే తక్కువ. వాళ్ళమ్మ చావు పాసైందని ఆవిడకి రాశాను. జవాబు రాలేదు. ఎలా వస్తుంది?

తర్వాతి గురువారం సభలో పటం తగిలించకుండా లేచి నిలబడ్డాను. ఆవిడ చెప్పింది నిజం, నేను చదవకుండా దాటేసిన పేజీల్లోనే అది ఉంది, ఆవిణ్ణి మీ అందరి ముందూ అవమానించాను, అన్నాను. గుండె డాక్టరు, "అరె, వదిలెయ్యండి మాస్టారూ, ఎవరికి తెలుసని. చిన్న పాయింటు" అన్నాడు. ఇంకొకాయన చేగోడీల డబ్బా నా వైపు తోశాడు. వాళ్ళకి నా తప్పు కంటే నా ఒప్పుకోలు ఎక్కువ ఇబ్బందిగా ఉంది. "చిన్న పాయింటు కాదండీ. అది ఆవిడ తల్లి" అన్నాను. ఇంకెవరో ఇన్‌కమ్ టాక్స్ గురించి అడిగారు. నన్ను మాస్టారూ అని పిలవొద్దని కూడా చెప్దామనుకున్నాను. ఇప్పటికీ పిలుస్తున్నారు, ఇప్పటికీ పలుకుతున్నాను.

రెండో ఉత్తరం రాయడానికి పదిహేను రోజులు పట్టింది. పుస్తకం ఊసెత్తలేదు. నాకు అసూయ కలిగిందని రాశాను. వీసా జోకు రాశాను, అది నేనే అన్నానని, దానికి నవ్వినవాళ్ళని చూసి లోపల పొంగిపోయానని. మీరు నీళ్ళ కోసం ఆగినప్పుడు నేను ఊరుకుని ఉంటే మీరేం చెప్పేవారో నాకు తెలియదని, నాకు చెప్పమని అడిగే హక్కు పోగొట్టుకున్నానని, మీ అమ్మాయికి మాత్రం చెప్పమనీ రాశాను. కాగితానికి ఒకవైపే. మా ఆవిడ చదివి, స్టాంపు అంటించింది.

మంచు పడి, కరిగి, మళ్ళీ పడింది. వాకిట్లో పోస్టు డబ్బా దగ్గరికి రోజూ నేనే పోయేవాణ్ణి. మా ఆవిడ బూట్లు తొడుక్కోమని అరిచేది. ఎదురుచూస్తే నాకేదో రావలసి ఉన్నట్టవుతుందని, ఎదురుచూడకూడదని కూడా అనుకునేవాణ్ణి. మూడో నెలలో వచ్చింది. రూళ్ళ కాగితం, పెద్ద పెద్ద అక్షరాలు. ఆవిడ స్వయంగా రాసింది. అక్షరం మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను.

"మాస్టారు గారికి నమస్కారం. మీ రెండు ఉత్తరాలూ అందినాయి. మొదటి దాంట్లో నేను చెప్పింది నిజమేనని రాసినారు. అది నాకు ముందే తెలుసును. రెండోది మా అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఆ రోజు నవ్వినవాళ్ళు ఎవరూ ఫోన్ చెయ్యలేదు, మీరొక్కరే రాసినారు, అందుకని జవాబు రాస్తున్నాను. మీరు రాసినాక కాదు, అంతకు ముందే, దీపావళి ఎల్లిన వారం, మా అమ్మాయిని కూకోబెట్టి మొత్తం చెప్పేసినాను. రెండు రోజులు పట్టింది. అది ఒక్క మాట అడ్డు రాలేదు. ఇన్నాళ్ళూ మీవల్లే చెప్పలేకపోతున్నానని మీరు అనుకుంటే, అంత మనిషివి కాదు బాబూ నువ్వు. మా అమ్మ ఎలా పోయిందో, ఎక్కడ ఒగ్గేసి వచ్చేసినానో మీకు చెప్పను. కోపం లేదు. మీరు వింటున్నప్పుడు మీ కళ్ళు పటం మీదికి ఎల్లిపోతాయి, ఆ రోజు చూసేను. మా అమ్మని అలా చూడనివ్వను. ఇంక ఉత్తరాలు రాయకండి. మీ ఇంటావిడని ఒక పాలి రమ్మనండి, ఆవిడ ఆ రోజు నవ్వలేదు."